బండి రిలే ఎంచుకోవడం, మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండల్లో ఏసీ ఆగిపోయినప్పుడు, వానల్లో హారన్ మూగబోయినప్పుడు, చలికాలం పొద్దున్నే సెల్ఫ్ పడనప్పుడు ఏటా రిలే గురించి ఇవే సందేహాలు వస్తాయి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్. అందుకే అన్నీ ఒకచోట రాశాం. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇందులో ఎక్కువ భాగం 12 వోల్టుల కార్లు, బైకులు, ఆటోల గురించే.

## మొదటి సందేహాలు

అసలు రిలే ఎందుకు? స్విచ్ నుంచే వైరు లాగితే ఏమైతది?

స్విచ్ కాలిపోతుంది. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లు కలిపి 9 ఆంప్స్ పైనే లాగుతాయి. స్టీరింగ్ కింది స్విచ్‌లో ఉండే సన్నటి కాంటాక్టులు అంత కరెంటును ఏళ్ల తరబడి మోయలేవు. పైగా ఆ సన్న వైర్లలో వోల్టేజీ పడిపోయి లైటు పసుపుబారుతుంది. రిలే పెడితే స్విచ్ మీదుగా దాని లోపలి కాయిల్‌కు (కరెంటు అందగానే అయస్కాంతమై కాంటాక్టులను కలిపే తీగచుట్టకు) కావాల్సిన 0.15 ఆంప్ మాత్రమే వెళ్తుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి రిలే మీదుగా నేరుగా బల్బుకు చేరుతుంది.

మా కారులో రిలేలు ఎక్కడుంటాయి?

బానెట్ కింద బ్యాటరీ పక్కన ఉండే నల్ల డబ్బాలో కొన్ని, స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డు లోపలి ఫ్యూజ్ బాక్సులో కొన్ని. ఏది దేనికో డబ్బా మూత లోపలివైపు బొమ్మ ఉంటుంది, లేకపోతే ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. బైకుల్లో సీటు కింద గానీ పక్క ప్యానెల్ వెనక గానీ ఉంటాయి. బైకు స్టార్టర్ రిలే మాత్రం ఎక్కువగా బ్యాటరీకి దగ్గర్లోనే, రెండు లావు వైర్లు బోల్టులతో బిగించి కనిపిస్తుంది. కొత్త కార్లలో ఇండికేటర్, వైపర్ లాంటి వాటికి విడి రిలే ఉండకపోవచ్చు. బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, వైపర్ల లాంటివాటిని నడిపే కంప్యూటర్) లోపలే సోల్డర్ చేసి ఉంటుంది, చేత్తో పీకితే వచ్చేది కాదు.

రిలే కింద 30, 85, 86, 87 అని రాసుంది. అవేంటి?

పిన్నుల నంబర్లు. జర్మన్ డీఐఎన్ 72552 ప్రమాణం నుంచి వచ్చాయి. 30 అంటే బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు. 87 అంటే లైటు, హారన్, ఫ్యాన్ వైపు వెళ్లేది. 85, 86 కాయిల్ రెండు చివరలు. 87ఏ ఉంటే అది నడిమధ్య పిన్ను: రిలే ఆన్ కానప్పుడు 30తో కలిసి ఉంటుంది, ఆన్ అయితే విడిపోతుంది.

చిన్న మైక్రో రిలేల్లో వీటి బదులు 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి. వాటిలో 1, 2 కాయిల్, 3 అంటే 30, 5 అంటే 87, 4 అంటే 87ఏ. అయితే జపాన్, కొరియా బండ్ల రిలేల్లో కొన్ని ఈ వరసను పాటించవు. అంకెను నమ్మే ముందు రిలే పక్కన గీసిన సర్క్యూట్ బొమ్మ చూడండి.

## పోయింది రిలేనా, ఇంకేదైనానా

రిలే టిక్కుమంటోంది, కానీ హారన్ మోగట్లేదు. రిలే మంచిదే కదా?

టిక్కుమంటే కాయిల్ బాగుందనీ, స్విచ్ వైపు సర్క్యూట్ బాగుందనీ అర్థం. అంతకుమించి ఏమీ తేలదు. లోపల కాంటాక్టులు మాడిపోయి నల్లబడి ఉన్నా శబ్దం అలాగే వస్తుంది.

తేల్చుకోవడానికి తేలిక దారి: రిలే పీకి, సాకెట్‌లో 30, 87 స్థానాల మధ్య ఫ్యూజ్ ఉన్న చిన్న వైరు పెట్టండి. ఆ ఫ్యూజ్ ఆ సర్క్యూట్ ఫ్యూజ్ కంటే ఎక్కువది కాకూడదు. హారన్ మోగితే రిలే పోయినట్టు. మోగకపోతే 30 దగ్గర 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూసి, తర్వాత హారన్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) చూడండి. స్టార్టర్ రిలే దగ్గర ఇదే చేస్తే సెల్ఫ్ మోటారు నేరుగా తిరుగుతుంది. కాబట్టి గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాల్సిందే.

టిక్కు శబ్దమే రావట్లేదు. మార్చెయ్యమంటారా?

ఆగండి. ముందు సాకెట్‌లో 85, 86 మధ్య మల్టీమీటర్ పెట్టి, స్విచ్ ఆన్ చేయండి. 12 వోల్టులు కనిపిస్తే కాయిల్ తెగిపోయింది, రిలే మార్చండి. కనిపించకపోతే రిలేది తప్పు కాదు. కాయిల్‌కు పాజిటివ్ రావట్లేదా, ఎర్త్ అందట్లేదా అన్నది వెతకాలి. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఆన్ చేసే రిలేల దగ్గర బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ వాడొద్దు. ఆ బల్బు లాగే కరెంటు ఈసీయూ లోపల రిలేను నడిపే సర్క్యూట్‌కు (దీన్నే డ్రైవర్ అంటారు) ఎక్కువ కావచ్చు. మీటరు గానీ ఎల్‌ఈడీ టెస్టర్ గానీ వాడండి.

ఏసీ కంప్రెసర్ రిలే విషయంలో ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. గ్యాస్ తగ్గిపోతే ప్రెషర్ తక్కువని ఈసీయూకు తెలిసి, అదే కంప్రెసర్‌ను ఆన్ చేయదు. రిలే ఎన్నిసార్లు మార్చినా టిక్కు రాదు.

పక్క రిలే పీకి ఇందులో పెట్టి చూడొచ్చా?

చూడొచ్చు, అంతకంటే తొందరగా తేలే పరీక్ష లేదు. రెండింటి మీదా ముద్రించిన పార్ట్ నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితేనే. రంగు, సైజు ఒకేలా ఉన్నాయని మార్చకండి. హారన్ రిలే నుంచి ఫాగ్ లైటు రిలేకు ఇలా మార్చి చూడటం చాలా కార్లలో కుదురుతుంది. పరీక్ష అయ్యాక ఎక్కడిదక్కడ పెట్టేయండి. పోయిన రిలేను తెచ్చి ఫ్యూయల్ పంప్ సాకెట్‌లో వదిలేస్తే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది.

మల్టీమీటర్‌తో రిలేను పూర్తిగా ఎలా చెక్ చేయాలి?

నాలుగు పనులు, ఈ వరసలో:

1. 85, 86 మధ్య ఓమ్‌లు కొలవండి. 12 వోల్టుల మినీ, మైక్రో రిలేల్లో ఎక్కువగా 60 నుంచి 130 ఓమ్‌ల మధ్య వస్తుంది. అనంతం చూపిస్తే కాయిల్ తెగింది. రెండు మూడు ఓమ్‌లే చూపిస్తే షార్ట్. డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) ఉన్న రిలే అయితే ప్రోబ్‌లు తిప్పి రెండుసార్లు కొలిచి, ఎక్కువ వచ్చిన రీడింగ్ తీసుకోండి.
2. 30, 87 మధ్య కంటిన్యుటీ ఉండకూడదు. బీప్ వస్తే కాంటాక్టులు అతుక్కుపోయాయి.
3. 86కు బ్యాటరీ పాజిటివ్, 85కు నెగటివ్ ఇవ్వండి, మధ్యలో 1 ఆంప్ ఫ్యూజ్ ఉంటే మంచిది. టిక్కుమని 30, 87 కలవాలి.
4. అసలు పరీక్ష ఇది. రిలేను సాకెట్‌లో పెట్టి, లోడు (ఆ రిలే నడిపే లైటో ఫ్యానో) ఆన్ చేసి, మీటరును 20 వోల్టుల డీసీలో ఉంచి 30, 87 మధ్య కొలవండి. సాకెట్ వెనక వైర్ల వైపు నుంచి ప్రోబ్ పెడితే షార్ట్ అయ్యే భయం తక్కువ. 0.2 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు. 0.5 దాటితే మార్చేయాలి.

మొదటి మూడింటిలో పాసై నాలుగో దాంట్లో ఫెయిలయ్యే రిలేలు చాలా ఉంటాయి. మీటరు ఓమ్‌లు కొలవడానికి పంపే కరెంటు ఏమూలకూ చాలదు. ఫ్యాన్ లాగే 15 ఆంప్స్ వెళ్తేనే మాడిన కాంటాక్టు బయటపడుతుంది.

సెల్ఫ్ కొడితే టకటకటకమని కొట్టుకుంటోంది గానీ ఇంజన్ తిరగట్లేదు. స్టార్టర్ రిలే పోయిందా?

ఎక్కువసార్లు పోయింది బ్యాటరీయే. రిలే అతుక్కోగానే మోటారు కరెంటు లాగుతుంది, బలం లేని బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది, కాయిల్ పట్టు వదిలేస్తుంది. వదలగానే వోల్టేజీ లేచి మళ్లీ పట్టుకుంటుంది. ఆ టకటక అదే.

బండి ఆపి ఉంచినప్పుడు బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ 9.6 కిందికి దిగకూడదు. దిగితే బ్యాటరీ చార్జ్ చేయించండి, టెర్మినళ్ల మీది తెల్లటి పొట్టును తినే సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి బిగించండి. వోల్టేజీ నిలబడి, ఒక్కసారి మాత్రమే టక్కుమని ఊరుకుంటే అప్పుడు రిలేను, సెల్ఫ్ మోటారును అనుమానించాలి.

తాళం తీసినా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆగదా ఇది?

కొన్ని కార్లలో ఇంజన్ వేడిగా ఉంటే ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఫ్యాన్ తిరగడం మామూలే. ఇంజన్ చల్లారినా ఆగకపోతే రిలే పీకండి. వెంటనే ఆగితే కాంటాక్టులు వెల్డ్ అయిపోయి ఉండొచ్చు. రిలే మీద నెమ్మదిగా తట్టినప్పుడు ఆగితే అది ఖాయం. అయినా కొత్తది పెట్టి ఊరుకోకండి. బేరింగు పట్టేసిన ఫ్యాన్ మోటారు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగి కాంటాక్టులను అతికిస్తుంది. ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పి చూడండి, బిగుసుగా ఉంటే మోటారు కూడా చూపించాలి. సికింద్రాబాద్, పంజాగుట్ట ట్రాఫిక్‌లో మే నెల మధ్యాహ్నం ఆ ఫ్యాన్ దాదాపు ఆగకుండా తిరుగుతుంది, దాని మీద పడే భారం అంతా ఇంతా కాదు.

రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతోంది. రిలే వల్లేనా?

కావచ్చు. అన్నీ ఆపి, తలుపులు వేసి, అరగంట ఆగండి. ఈలోగా మాడ్యూళ్లు (బండిలోని కంప్యూటర్లు) నిద్రపోతాయి. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మల్టీమీటరును 10 ఆంప్స్ సాకెట్‌లో పెట్టి, వైరుకూ టెర్మినల్‌కూ మధ్య కలపండి. అలా కలిపితే మాడ్యూళ్లు మళ్లీ లేస్తాయి కాబట్టి రీడింగ్ స్థిరపడేదాకా ఇంకాసేపు ఆగాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకండి. 50 మిల్లీఆంప్స్ లోపు ఉంటే ఫరవాలేదు. ఎక్కువుంటే రిలేలు ఒక్కొక్కటే పీకుతూ చూడండి. ఏది తీసినప్పుడు రీడింగ్‌లోంచి ఒక్కసారిగా దాదాపు 150 మిల్లీఆంప్స్ తగ్గిపోతాయో ఆ కాయిల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉందన్నమాట. లోపం రిలేలో కాదు, దాన్ని ఆన్ చేసే స్విచ్‌లోనో వైరులోనో ఉంటుంది.

రిలే చేయి పెట్టలేనంత కాలుతోంది, సాకెట్ కూడా కొంచెం కరిగింది.

గోరువెచ్చగా ఉండటం సహజం, కాయిల్ ఒక్కటే దాదాపు 2 వాట్ల వేడి ఇస్తుంది. ప్లాస్టిక్ కరిగిందంటే మాత్రం ఆ పిన్ను దగ్గర పట్టు వదులైంది. వదులైన చోట రెసిస్టెన్స్, రెసిస్టెన్స్ ఉన్నచోట వేడి, వేడికి ఇత్తడి స్ప్రింగు మెత్తబడి ఇంకా వదులు. ఇక్కడ కొత్త రిలే ఒక్కటే పెడితే డబ్బు దండగ, అదీ అలాగే మాడుతుంది. ఆ సాకెట్ టెర్మినల్‌ను, దానికి కలిసిన వైరులో గట్టిపడి నల్లబడిన భాగాన్ని కత్తిరించి కొత్తవి వేయించాలి.

వాన నీళ్లలో బండి మునిగింది. రిలేలు ఆరబెడితే చాలా?

హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వానల్లాంటివి వచ్చి బండి బానెట్ దాకా మునిగితే ముందు చేయాల్సిన పని తాళం తిప్పకుండా ఉండటం. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. రిలేలు, ఫ్యూజులు ఫోటో తీసుకుని పీకి, సాకెట్లను మంచినీళ్లతో కాదు, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి. మూసీ బురద ఒక్కసారి లోపలికి వెళ్లిన రిలే ఇవాళ పనిచేసినా నెలకో రెండు నెలలకో కాయిల్ తీగ పచ్చబడి తెగుతుంది. ఫ్యూయల్ పంప్, మెయిన్, స్టార్టర్, ఫ్యాన్ రిలేలు నాలుగూ మార్చేయడమే మేలు.

## కొనేటప్పుడు

షాపులో ఏమని అడగాలి?

"హారన్ రిలే ఇవ్వండి" అంటే కౌంటర్ మీది మొదటి రిలే చేతికొస్తుంది. పాతది పట్టుకెళ్లండి. అది లేకపోతే ఈ అయిదూ చెప్పండి: వోల్టేజీ, పిన్నులు ఎన్ని, వాటి వెడల్పు, ఆంప్స్, కాయిల్ పక్కన డయోడ్ ఉందా రెసిస్టర్ ఉందా అన్నది. మామూలు మినీ రిలే పిన్నులు 6.3 మిల్లీమీటర్లు. మైక్రోలో కాయిల్ పిన్నులు 4.8, కరెంటు పిన్నులు 6.3. 70 ఆంప్స్ రిలేల్లో కరెంటు పిన్నులు 9.5 ఉంటాయి.

ఇంకో విషయం, దీన్ని కౌంటర్ మీద ఎవరూ చెప్పరు. ఒకే సైజు మినీ రిలేల్లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో 30 ఉన్నచోట రెండోదాంట్లో 86 ఉంటుంది. రెండూ ఒకే సాకెట్‌లో కూర్చుంటాయి! తప్పుది పెడితే బ్యాటరీ కరెంటు కాయిల్‌కు నేరుగా వెళ్లి రాత్రంతా బ్యాటరీని తాగుతుంది, హెడ్‌లైట్ల కరెంటు సన్నటి స్విచ్ వైరు మీద పడుతుంది. పాత రిలేనూ కొత్తదాన్నీ కింది వైపు తిప్పి, పక్కపక్కన పెట్టి నంబర్లు పోల్చుకున్నాకే డబ్బులివ్వండి.

30 ఆంప్స్ బదులు 40 ఆంప్స్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పిన్నుల అమరిక, కాయిల్ ఓమ్‌లు సరిపోతే. ఫ్యూజ్ మాత్రం పాతదే ఉండాలి. రిలే పెద్దదైంది కదా అని ఫ్యూజ్ పెంచితే మధ్యలో వైరు కాలుతుంది. తక్కువ ఆంప్స్‌ది ఎప్పుడూ వద్దు. రిలే మీద రాసే అంకె మామూలు గది వేడిలో, రెసిస్టివ్ లోడుకు ఇచ్చేది. బానెట్ కింద వేడి అంతకంటే చాలా ఎక్కువ. పైగా మోటారు తిరగడం మొదలయ్యేటప్పుడు అయిదారు రెట్లు, చల్లటి ఫిలమెంటు వెలిగేటప్పుడు పది రెట్ల దాకా ఒక్క క్షణం లాగుతాయి.

40/30 అని రాసి ఉంటే 87 వైపు 40, 87ఏ వైపు 30 ఆంప్స్ అని అర్థం.

నాలుగు పిన్నుల రిలే దొరకట్లేదు. అయిదు పిన్నులది పెడితే?

సాకెట్‌లో నడిమధ్య రంధ్రం ఖాళీగా, టెర్మినల్ లేకుండా ఉంటే పెట్టొచ్చు. అయితే అయిదు పిన్నుల రిలేలు రెండు రకాలు. ఒకదాని మధ్య పిన్ను 87ఏ, రెండోదాని మధ్య పిన్ను ఇంకో 87. మీ సాకెట్ మధ్యలో వైరుంటే, అక్కడ రెండు 87లు ఉన్న రిలే కావాల్సిన చోట 87ఏ ఉన్నది పెట్టారంటే, తాళం తీసినా ఆ లైటో ఫ్యానో ఆన్‌లోనే ఉంటుంది. సాకెట్ లేకుండా లగ్గులు (వైరు కొసకు బిగించే లోహపు ముక్కలు) నేరుగా గుచ్చి వాడే వారైతే, ఖాళీగా ఉన్న 87ఏ పిన్నులో రిలే ఆగి ఉన్నప్పుడు 12 వోల్టులుంటాయని గుర్తుంచుకుని దానికి స్లీవ్ తొడగండి.

డయోడ్ ఉన్న రిలే, రెసిస్టర్ ఉన్న రిలే: ఏది మంచిది?

బండిలో ఏది వచ్చిందో అదే. కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు వంద వోల్టులు దాటే ఎదురు దెబ్బ పుడుతుంది. దాన్ని మింగడానికే ఈ డయోడ్, రెసిస్టర్. అవి లేని చవక రిలేను ఈసీయూ నడిపే సాకెట్‌లో పెడితే ఆ దెబ్బ ఈసీయూకు తగులుతుంది. డయోడ్ రిలేలో 86కు పాజిటివ్, 85కు నెగటివ్ రావాలి. తిరగబడితే డయోడ్ మీదుగా నేరుగా షార్ట్: అదృష్టం బాగుంటే ఫ్యూజ్, లేకపోతే ఈసీయూ డ్రైవర్ పోతాయి. రెసిస్టర్ ఉన్నదానికి ఆ పట్టింపు లేదు.

మాది లారీ. 12 వోల్టుల రిలే నడుస్తదా?

నడవదు. లారీలు, పెద్ద బస్సులు ఎక్కువగా 24 వోల్టులవి. అక్కడ 12 వోల్టుల కాయిల్ కాసేపట్లోనే కాలిపోతుంది. అదే 24 వోల్టుల రిలేను కారులో పెడితే కాయిల్ లాగనే లాగదు. 24 వోల్టుల కాయిల్ 250 ఓమ్‌ల పైన చూపిస్తుంది, ముద్ర చెరిగిపోయిన రిలేను ఇలా గుర్తుపట్టొచ్చు.

హైదరాబాద్‌లో మంచివి ఎక్కడ దొరుకుతాయి? డూప్లికేట్ ఎలా తెలుస్తుంది?

రాణీగంజ్‌లోనూ, వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లోనూ ఆటో ఎలక్ట్రికల్ దుకాణాలున్నాయి. సాకెట్లు, లగ్గులు, మీటర్లు కోఠి గుజరాతీ గల్లీలో తేలిగ్గా దొరుకుతాయి. అదే గల్లీలో దొరికే నీలిరంగు చిన్న రిలేలు, 10 ఆంప్స్ 250 వోల్ట్స్ ఏసీ అని రాసి ఉండేవి, ఇంటి సామాన్ల బోర్డులకు. బానెట్ కింద పెట్టడానికి కాదు.

బాష్, హెల్లా, డెన్సో, మిండా, లూకాస్ టీవీఎస్ లాంటి పేర్లకే నకిలీలు ఎక్కువ. బొటనవేలితో ముద్ర మీద గట్టిగా రుద్దండి, చెరిగితే వదిలేయండి. పిన్ను కొసకు చిన్న అయస్కాంతం పెట్టండి, అతుక్కుంటే అది ఇనుప రేకు. మంచి పిన్నులు రాగి, ఇత్తడి జాతివి. రెండు రిలేలను అరచేతిలో తూచి చూసినా తేడా తెలుస్తుంది, నకిలీలో రాగి తీగ తక్కువ. బిల్లు ఇవ్వనంటే ఇంకో దుకాణం చూసుకోవచ్చు.

కబాడీలో పాత రిలే చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

వద్దు. కాంటాక్టులు ఎంత అరిగాయో బయటికి కనిపించదు. సాకెట్ మాత్రం పాత బండి నుంచి వైర్లతో సహా కోసిన ఒరిజినల్ దొరికితే తీసుకోవచ్చు, టెర్మినళ్లు నల్లబడకుండా ఉంటే.

ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక గబగబా కొట్టుకుంటున్నాయి. ఏ ఫ్లాషర్ కొనాలి?

ఫ్లాషర్ అంటే ఇండికేటర్లను వెలిగించి ఆర్పే రిలే. పాతది 21 వాట్ల బల్బుల లోడు చూసి వేగం నిర్ణయిస్తుంది. ఎల్‌ఈడీ చాలా తక్కువ లాగడంతో బల్బు పోయిందనుకుని వేగం పెంచుతుంది. ఎల్‌ఈడీకి తగిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొనండి. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టాలి. మూడు పిన్నులవాటిలో 49 పాజిటివ్, 49ఏ లైట్లకు, 31 ఎర్త్. బైకు ఫ్లాషర్లు ఎక్కువగా రెండు పిన్నులవి: బి బ్యాటరీకి, ఎల్ ల్యాంపులకు. ఎల్‌ఈడీ ఫ్లాషర్‌కు ఎర్త్ వైరు అదనంగా కావాల్సి రావచ్చు.

లోడు రెసిస్టర్ పెట్టే పద్ధతి కూడా ఉంది గానీ 6 ఓమ్‌ల రెసిస్టర్ ఇండికేటర్ వెలిగినప్పుడల్లా 30 వాట్ల వేడి ఇస్తుంది. ప్లాస్టిక్‌కు, వైర్లకు తగలకుండా ఇనుము మీదే బిగించాలి.

## బిగించేటప్పుడు

ఉన్న రిలే తీసి కొత్తది పెట్టడానికి మెకానిక్ కావాలా?

అక్కర్లేదు. తాళం తీసి రెండు నిమిషాలు ఆగండి. ఫ్యూయల్ పంప్, స్టార్టర్ రిలేలైతే 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ కూడా విప్పండి. రిలేను ముందుకూ వెనక్కూ కొద్దిగా కదుపుతూ నిటారుగా పైకి లాగండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ఫ్యూజ్ బాక్స్ ప్లాస్టిక్ విరుగుతుంది.

పిన్నుల రంగు చూడండి. ఏదైనా ఒక పిన్ను నీలంగానో గోధుమరంగుగానో మారి ఉంటే అక్కడ వేడెక్కుతోంది. 6.3 మిల్లీమీటర్ల మగ లగ్గు ఒకటి సాకెట్‌లోని ఆ టెర్మినల్‌లో దూర్చి లాగండి. పట్టి ఆపాలి, జారి వచ్చేస్తే టెర్మినల్ వదులైనట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక కొత్త రిలేను అడుగు ఆనేదాకా నొక్కండి. బ్యాటరీ విప్పి ఉంటే గడియారం, కిటికీల ఆటో అప్ మళ్లీ సెట్ చేసుకోవాలి.

హెడ్‌లైట్లకు కొత్తగా రిలే వైరింగ్ ఎలా వేయాలి?

లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, రెండు రిలేలు. మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: మీ కారులో స్విచ్ పాజిటివ్‌ను కలుపుతుందా, ఎర్త్‌ను కలుపుతుందా? హెడ్‌లైట్ కప్లర్ (బల్బు వెనక గుచ్చి ఉండే ప్లగ్గు) పీకి, లైటు స్విచ్ ఆన్ చేసి, మీటరు నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద ఉంచి మూడు టెర్మినళ్లూ చూడండి. కామన్ టెర్మినల్‌లోనే (లో, హై రెండింటికీ ఉమ్మడిది) 12 వోల్టులు వస్తూ, లో, హై రెండూ స్విచ్ మీదుగా ఎర్త్ అవుతుంటే మీది ఎర్త్ స్విచింగ్. దీన్ని గమనించకుండా వేసిన కిట్లే "హై వేస్తే లో వెలుగుతోంది" అనే ఫిర్యాదుతో తిరిగొస్తాయి.

పాజిటివ్ స్విచింగ్ అయితే పాత కప్లర్‌లోని లో వైరు మొదటి రిలే 86కు, హై వైరు రెండోదాని 86కు, 85లు రెండూ ఎర్త్‌కు. ఎర్త్ స్విచింగ్ అయితే 86లకు కప్లర్ కామన్ నుంచి పాజిటివ్, 85లకు స్విచ్ వైర్లు. బల్బు వైపు కామన్ పిన్నుకు మాత్రం, పాత కప్లర్ కామన్‌తో కలపకుండా, కొత్త వైరుతో నేరుగా ఎర్త్ ఇచ్చుకోవాలి. రెండు పద్ధతుల్లోనూ 30లకు బ్యాటరీ నుంచి విడివిడిగా 15 ఆంప్స్ ఫ్యూజులు, 87 నుంచి రెండు బల్బులకు. ఒకే ఫ్యూజ్ రెండింటికీ పెడితే అది పోయిన రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద పూర్తి చీకటి.

బల్బు వాటేజీ కంపెనీ ఇచ్చిన 60/55 దాటొద్దు. రిలే తట్టుకున్నా రిఫ్లెక్టర్, హోల్డర్ తట్టుకోవు.

బైకుకు జంట హారన్లు వేస్తున్నా. రిలే ఎలా కలపాలి?

పాత హారన్‌కు వచ్చే రెండు వైర్లనూ పీకి 85, 86కు పెట్టేయండి. డయోడ్ లేని రిలే అయితే ఏది ఎటు పెట్టినా ఫరవాలేదు. స్విచ్ పాజిటివ్‌ది అయినా ఎర్త్‌ది అయినా ఇదే సరిపోతుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి 15 ఆంప్స్ ఫ్యూజ్ మీదుగా 30కి, 87 నుంచి రెండు హారన్ల పాజిటివ్‌లకు. నెగటివ్‌లు బ్యాటరీ నెగటివ్‌కే తేండి, ఫ్రేమ్ పెయింటు మీద బిగిస్తే ఎర్త్ అందదు.

స్వరాలు మార్చే హారన్లు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 119వ నిబంధన ప్రకారం కుదరవు. ఇంకోటి: పాత బైకుల్లో కొన్నిటికి హెడ్‌లైట్ మ్యాగ్నెటో (ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే భాగం) నుంచి వచ్చే ఏసీ కరెంటుతో వెలుగుతుంది. అక్కడి నుంచి కాయిల్‌కు లైను తీసుకుంటే డీసీ రిలే గరగరమంటుంది తప్ప పట్టుకోదు.

వైరు ఎంత మందం? ఫ్యూజ్ ఎంత?

కాయిల్‌కు 0.75 స్క్వేర్ ఎంఎం చాలు. 10 ఆంప్స్ దాకా 1.5, 20 దాకా 2.5, 30 దాకా 4, 40 అయితే 6 స్క్వేర్ ఎంఎం. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటి తీగ వైరు వాడొద్దు, బండి అదురుకు లోపలే తెగుతుంది. ఆటో వైరే కొనండి. లోడు ఆంప్స్‌ను 1.25 నుంచి 1.5తో గుణించి దగ్గరి ఫ్యూజ్ తీసుకోండి. బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోనే దాన్ని పెట్టాలి. ఫ్యూజ్ కాపాడేది వైరును. దానికి ముందున్న వైరుకు కాపలా ఉండదు.

రిలేను ఎక్కడ, ఎటు తిప్పి బిగించాలి?

పిన్నులు కిందికి ఉండాలి. పైకి ఉంటే గిన్నెలో నిలిచినట్టు నీళ్లు నిలుస్తాయి. సైలెన్సర్ పైపుకు, రేడియేటర్‌కు దూరంగా, బాడీ రేకు మీద, ఇంజన్ మీద కాదు. వైర్లు రిలేకు చేరే ముందు కిందికి వంగి పైకి రావాలి, అప్పుడు నీటిబొట్టు ఆ వంపులోనే రాలిపోతుంది. ఎర్త్ బోల్టు కింద పెయింటును మెరిసేదాకా గీకి బిగించి, మీద గ్రీజు రాయండి.

లగ్గులు సోల్డర్ చేయాలా, క్రింప్ చాలా?

సరైన క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కితే చాలు, పైన హీట్ ష్రింక్ స్లీవ్. సోల్డర్ చేస్తే అది వైరులోకి పాకి, పాకిన చోట గట్టిపడి, అదురుకు అక్కడే విరుగుతుంది. మామూలు కట్టింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గును లాగి చూడండి, సగం చేతిలోకి వస్తాయి. టేపు చుట్టిన జాయింట్లు ఎండకు జిగురు కరిగి మే నెలలోపే ఊడతాయి.

## బిగించాక

కొత్త రిలే వారానికే పోయింది. గ్యారంటీలో మార్చుకోనా?

మార్చుకోండి, కానీ పోవడానికి కారణం అక్కడే ఉంటే మూడోదీ పోతుంది. లోడు ఎన్ని ఆంప్స్ లాగుతోందో డీసీ క్లాంప్ మీటరుతో కొలవండి. తర్వాత సాకెట్ పట్టు, ఎర్త్ చూడండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులుండాలి. 15 దాటితే ఆ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది, రిలేతో పాటు బల్బులూ వరసగా పోతాయి.

కాంటాక్టులు గీకి వాడుకోవచ్చా?

ఇంటికి చేరేదాకా అయితే సరే. కాంటాక్టు మీది వెండి పూత పలచన. గరుకు కాగితంతో రుద్దితే అది పోయి, కింది రాగి తొందరగా మాడుతుంది.

వైరింగ్ కోస్తే వారంటీ పోతుందా?

కంపెనీ వైరు కోసినచోట వచ్చే ఎలక్ట్రికల్ ఫిర్యాదును సర్వీస్ సెంటర్ ఒప్పుకోకపోవడం మామూలే. వారంటీ ఉన్న బండికి పాత కప్లర్లలోనే గుచ్చే రెడీమేడ్ వైరింగ్ కిట్ తీసుకోండి. సర్వీసుకు ఇచ్చే ముందు పీకేయడం కూడా తేలిక.

ఈవీలో (ఎలక్ట్రిక్ బండిలో) కూడా ఇలాగే మార్చుకోవచ్చా?

12 వోల్టుల వైపు ఉన్న హారన్, లైటు రిలేలు ఇలాగే. కారులో నారింజరంగు కేబుళ్లు కలిసిన కాంటాక్టర్లను (పెద్ద రిలేలను) మాత్రం ముట్టుకోవద్దు, అక్కడ వందల వోల్టుల డీసీ ఉంటుంది. అది శిక్షణ ఉన్నవాళ్ల పని.

దూర ప్రయాణానికి స్పేర్ రిలే పెట్టుకోవాలా?

ఒకటి చాలు. ఫ్యూయల్ పంప్ రిలే పార్ట్ నంబరు చూసి అదే కొనండి. చాలా కార్లలో ఫ్యాన్, హారన్, ఏసీ రిలేల్లో ఒకటో రెండో అదే నంబరుతో ఉంటాయి కాబట్టి వాటికీ పనికొస్తుంది. జిప్ కవర్లో వేసి, రెండు 15 ఆంప్స్, రెండు 20 ఆంప్స్ ఫ్యూజులతో కలిపి ఫ్యూజ్ బాక్స్ మూత కిందో, గ్లవ్ బాక్సులోనో ఉంచండి. డిక్కీలో జాకీ పక్కన పడేస్తే పిన్నులు వంగిపోతాయి.